రోహిణికి మంచె కావాలి

రోహిణి, ఆరుద్ర, ఆశ్లేష, స్వాతి, రేవతి, అశ్విని, భరణి. కరీంనగర్ రైతుకు ఇవి కార్తెలు. బెంగళూరులోని రాడార్ పరిశోధన సంస్థ ఎల్‌ఆర్‌డీఈకి మాత్రం తాను రూపొందించిన రాడార్లు. పేర్లు పెట్టినవారి బల్ల మీద పంచాంగం ఉండే ఉంటుంది!

జొన్నచేలో మంచె ఎక్కినవాడు మూడు పనులు చేస్తాడు. చుట్టూ చూస్తాడు. పిట్టల గుంపు దిగుతుంటే దాని మీదే కన్నేసి ఉంచుతాడు. ఒడిసెల తిప్పి గురిగా రాయి విసురుతాడు. గగనతల రక్షణలో రాడార్ల పనీ ఇంతే. హైదరాబాద్‌లోని క్షిపణి పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్‌లో పుట్టి, క్షిపణుల తయారీ సంస్థ బీడీఎల్‌లో తయారయ్యే ఆకాశ్ క్షిపణికి చుట్టూ చూసిపెట్టేది రోహిణి. లారీ మీద గుండ్రంగా తిరుగుతూ, 180 కి.మీ. దాకా, ఒకేసారి 150 లక్ష్యాల దూరం, దిక్కు, ఎత్తు చెబుతుంది. వెంటాడడం, క్షిపణికి దారి చెప్పడం రాజేంద్ర అనే మరో రాడార్ వంతు. దాని పలకలోని వేల చిన్న భాగాలు తరంగాలను ఇసుమంత ముందువెనకలుగా వదులుతాయి. దాంతో పలక కదలకుండానే కిరణం రెప్పపాటులో పక్కకు తిరుగుతుంది. ఒక్క రాడారే ఈ రెండు పనులూ చేయగలగడానికి కీలకం ఇదే.

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు ఆకాశంలో గీత గీస్తే సుమారు 150 కి.మీ. ఇక్కడ వదిలిన తరంగం అక్కడి విమానానికి తగిలి తిరిగి రావడానికి పట్టేది సెకనులో వెయ్యోవంతు. ఆ సమయమే దూరాన్ని చెబుతుంది. కానీ దూరం రెట్టింపయితే తిరిగొచ్చే బలం పదహారోవంతుకు పడిపోతుంది. శక్తి పెంచి దీన్ని కొంత పూడ్చుకోవచ్చు. భూమి గుండ్రదనాన్ని మాత్రం ఏ శక్తితోనూ దాటలేం.

లెక్క చూడండి. కరీంనగర్‌లో పది మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉందనుకుందాం. హైదరాబాద్ మీద పది కిలోమీటర్ల ఎత్తున పోయే విమానం దానికి కనిపిస్తుంది. అదే వంద మీటర్ల ఎత్తున ఎగిరే డ్రోన్ అయితే, నేల పూర్తిగా చదునుగా ఉన్నా, 54 కి.మీ. దాటాక నేల చాటుకు పోతుంది. అంటే పక్కనున్న మంచిర్యాల మీది డ్రోన్ కూడా కనబడదు! రాడార్‌ను వంద మీటర్ల గుట్ట ఎక్కిస్తే చూపు 82 కి.మీ.కు సాగుతుంది. స్వీడన్‌వాళ్లు పొడవాటి స్తంభం మీద యాంటెన్నా నిలిపి దానికి జిరాఫ్ అని పేరు పెట్టింది ఊరికే కాదు. అయితే స్తంభం దాటించేది చెట్లనూ ఇళ్లనూ; కెరమెరి ఘాట్ లాంటి చోట లోయ చాటున వచ్చేదాన్ని పట్టాలంటే రాడారే కొండెక్కాలి. భరణి, ఆశ్లేషలను తేలికగా చేసింది ఇందుకే.

కదలాల్సిన అవసరం ఇంకొకటుంది. తరంగం వదిలిన రాడార్, చీకట్లో అరిచినవాడిలా తన చోటు తానే చెప్పేసుకుంటుంది. ఆ తరంగాన్ని పట్టుకుని వచ్చే క్షిపణులున్నాయి. కాబట్టి చూడాలి, మూటాముల్లె సర్దుకోవాలి, చోటు మారాలి.

ఈసారి ఎల్గందుల కోటకు వెళ్తే, మెట్లెక్కక ముందొకసారి, ఎక్కాక ఒకసారి మానేరు వైపు చూడండి; ఎత్తు పెరిగితే చూపు ఎంత సాగుతుందో తెలుస్తుంది.