ఒడి దిగిన బిడ్డ: పశ్చిమాఫ్రికా గ్రామములలో శిశుపోషణము

భూగోళ పాఠము చెప్పునపుడు మేము పశ్చిమాఫ్రికా పటమును గోడకు తగిలించి, అందలి నదులను, రేవులను, పంటలను విద్యార్థులచే చెప్పించుచుందుము. సెనెగల్ అనగానే వేరుసెనగయు, నైజరు అనగానే సజ్జలును, ఘనా అనగానే కోకోయు వారు తడుముకొనక చెప్పుదురు. కాని ఇన్ని పంటలు పండు సీమలలో పసిబిడ్డలు ఏల కృశించుచున్నారని ఎవరైన అడిగినచో, దానికి పటములో జవాబు దొరకదు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్ప యత్నించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఘనా దేశము 1957లో స్వతంత్రమగుటకు పూర్వము గోల్డుకోస్టు అని పిలువబడుచుండెను. జమైకా ద్వీపమున 1893లో జన్మించిన సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1929లో అచ్చటికి ఉద్యోగమునకు వెళ్లెను. ఆక్రా నగరమందలి శిశువైద్యశాలలో, ఒకటి మొదలు నాలుగేండ్ల ప్రాయముగల బిడ్డలయందు ఒక వింతవ్యాధిని ఆమె చూచెను. ఆ బిడ్డల పాదములును చేతులును ఉబ్బియుండును. చర్మము నల్లని మచ్చలు పడి పొరలు పొరలుగా ఊడును. వెండ్రుకలు నలుపు తగ్గి ఎఱ్ఱబారును. బిడ్డ ఆటలు మాని చిరాకుతో మూలుగుచు కూర్చుండును. ముఖము ఉబ్బుటచే, తెలియనివారికి బిడ్డ పుష్టిగానే ఉన్నట్లు తోచుటయు కలదు. 1933లో ఆమె దీనినిగూర్చి ఒక వైద్యపత్రికలో ప్రకటించెను. ఇది పెల్లాగ్రా అను పాతరోగమే గాని వేఱు కాదని వాదించినవారును లేకపోలేదు. ఆమె వెనుదీయక 1935లో ‘లాన్సెట్’ పత్రికలో మరల వ్రాసి, అచ్చటి గా భాషలో జనులు ఆ వ్యాధిని పిలుచు పేరునే దానికి ఉంచెను. క్వాషియోర్కర్ అనునదే ఆ పేరు. వెనుకటి బిడ్డ పుట్టగా ముందటి బిడ్డకు వచ్చు జబ్బు అని దాని భావము.

ఈ పేరును తలచినకొలది మాకు ఆశ్చర్యము కలుగుచున్నది. వైద్యులు వెదకుచుండిన కారణములో సగము ఆ గ్రామస్త్రీల మాటలోనే ఇమిడియుండెను. తల్లి మరల గర్భవతి కాగానే చంటిబిడ్డకు పాలు మాన్పింతురు. క్రొత్తబిడ్డ ఒడిలోనికి వచ్చును. పాతబిడ్డ ఒడి దిగును. తల్లిపాలలో దేహవృద్ధికి కావలసిన మాంసకృత్తులు, క్రొవ్వు, విటమినులు అన్నియు చక్కగా అమరియుండును. పాలకు బదులుగా బిడ్డకు దొరకునది పులియబెట్టిన మొక్కజొన్న గంజి. దానిలో నీరు ఎక్కువ, సారము తక్కువ. బిడ్డ కడుపు చిన్నది. రెండు గరిటెలతో నిండిపోవును. కడుపు నిండినదని బిడ్డ ఏడ్పు మానును గాని, దేహము మాత్రము ఆకలితోనే ఉండును. మరియు గంజిగిన్నెతోను, మురికినీటితోను విరేచనములు పట్టుకొనును. తిన్న కొంచెమును దేహమునకు అంటకపోవును.

మాంసకృత్తుల లోపమే ఈ వ్యాధికి కారణమని వైద్యలోకము చాలకాలము నమ్మెను. మన హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్ గారు 1960వ దశాబ్దమున బిడ్డల ఆహారమును పరిశీలించి ఆ నమ్మకమును ప్రశ్నించిరి. ఉబ్బిన బిడ్డయు, ఎండి చిక్కిపోయిన బిడ్డయు ఒకే రీతి భోజనము చేయుచుండిరనియు, పేదబిడ్డలకు మాంసకృత్తులకంటె ముందు లోపించుచున్నది చాలినంత తిండియే యనియు ఆయన చూపిరి. అనగా మందుసీసాలో ఏదో యొక పదార్థమును పోసి యిచ్చినంతమాత్రమున ఈ సమస్య తీరదు. ఇంటిలో తిండి ఉండవలెను. అది బిడ్డకు తగిన రీతిగా ఉండవలెను.

ఇచ్చట మేము ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ మాటలు వినినవారు తల్లికి తెలివి లేదని నిందించుట సులభము. అది న్యాయము కాదు. సహారా ఎడారికి దక్షిణముననున్న సాహెల్ అను ప్రాంతములో ఏటికి ఒక్కటే వానకాలము, ఒక్కటే పంట. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో సజ్జలు, జొన్నలు కోసి గాదెలు నింపుదురు. జూను మాసము వచ్చుసరికి గాదె అడుగు కనబడును. జూను మొదలు ఆగస్టువఱకు గల ఈ కాలమును వారు కొఱత కాలముగా ఎఱుగుదురు. ఇంటిలో గింజలేని ఆ దినములలోనే పొలములో కలుపు పని ఎక్కువ. వానలతో చలిజ్వరమును ఆ దినములలోనే హెచ్చును. తల్లి ప్రొద్దున పొలమునకు పోయి సాయంకాలము తిరిగివచ్చును. బిడ్డకు మూడు నాలుగు మారులు వండిపెట్టుటకు గింజయు లేదు, తీరికయు లేదు.

అంతేకాక కోతకాలమున అప్పు తీర్చుటకు రైతు తన ధాన్యమును చవుకగా అమ్ముకొనును. కొఱత కాలమున అదే ధాన్యమును హెచ్చు వెలకు కొనవలసివచ్చును. నైజరు దేశమున మరాడీ మండలము ఆ దేశపు ధాన్యాగారమని పేరుపడినది. అయినను ఆ మండలముననే శిశువుల కృశత్వము అధికముగా కానవచ్చినది. 2004లో మిడుతలును అనావృష్టియు వచ్చెను. 2005లో అంగడిలో సజ్జలుండెను గాని, పేదవారు కొనగల వెలకు లేవు. వేలకొలది బిడ్డలను చికిత్సాకేంద్రములకు మోసికొనిరావలసివచ్చెను. దేశములో పంట ఉన్నంతమాత్రమున బిడ్డ గిన్నెలో తిండి ఉండదని ఆ సంవత్సరము తేటపఱచినది. 2012లో మాలియందును, తరువాత బుర్కినా ఫాసో, నైజరు దేశములయందును చెలరేగిన సంఘర్షణలచే అనేక కుటుంబములు పొలములనే విడిచిపోయినవి.

ఇక నివారణోపాయములను చెప్పుదుము. మొదటిది వ్యాధిని త్వరగా గుర్తించుట. ఆరు మాసములు మొదలు అయిదేండ్లవఱకు గల బిడ్డ దండచేతికి మూడు రంగులుగల పట్టీని చుట్టుదురు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైనచో ఎఱుపు, అనగా ప్రాణాపాయము; 12.5 వఱకు పసుపు, అనగా జాగ్రత్త. అంతకు మించినచో ఆకుపచ్చ. రెండు పాదములను బొటనవ్రేలితో కొంచెముసేపు అదిమి విడిచినపుడు గుంట నిలిచినచో అది ఉబ్బు. నైజరులో ఈ పట్టీని తల్లుల చేతికే ఇచ్చి కొలుచుట నేర్పిరి. చదువురాని తల్లియు రంగును చదువగలదు.

రెండవది చికిత్స. పూర్వము ఇట్టి బిడ్డలను వారములకొలది వైద్యశాలలో ఉంచి, శుద్ధజలముతో కలిపిన పాలను త్రాగింపవలసియుండెను. 1996లో ఫ్రాన్సు దేశస్థులగు ఆంద్రే బ్రియాన్, మిషెల్ లెస్కాన్ అనువారు వేరుసెనగ ముద్దలో పాలపొడి, నూనె, పంచదార, విటమినులు, లవణములు చేర్చి ప్లంపీనట్ అను ఆహారమును కనిపెట్టిరి. దీనికి నీరు కలుపనక్కఱలేదు, వండనక్కఱలేదు. 92 గ్రాముల పొట్లము సుమారు 500 క్యాలరీల శక్తినిచ్చును. వేఱు జబ్బులు లేని బిడ్డ దీనిని తల్లియొద్దనే, తన యింటనే తిని కోలుకొనగలడు. అయితే కోలుకొన్న బిడ్డ తిరిగి అదే కొఱత కాలమున, అదే గంజిగిన్నెయొద్దనే కూర్చున్నచో మన శ్రమకు ఫలమేమి?

కావున మూడవది, ముఖ్యమైనది, ఇంటి గిన్నెను గాదెను బాగుచేయుట. ఘనాలో 1987 మొదలు వీనిమిక్స్ అను మిశ్రమమును తల్లులకు నేర్పిరి. నూటికి 75 మొదలు 80 పాళ్లు మొక్కజొన్న, 10 మొదలు 15 పాళ్లు అలసందలు గాని సోయాచిక్కుళ్లు గాని, 10 పాళ్లు వేరుసెనగ వేయించి విసరి జావ కాచుదురు. గంజి అదే, సారము వేఱు. అలసందలను పురుగు తినకుండ, గోనెలో రెండు ప్లాస్టికు సంచులను దూర్చి గాలి చొరకుండ బిగించి కట్టు పద్ధతి 2007 మొదలు అచ్చట వ్యాపించినది. లోపల గాలి తఱిగి పురుగు చచ్చును. నైజరులో రైతులు కలిసి ధాన్యమును ఒక కొట్టులో ఉంచి రెండు తాళములు వేయుదురు. ఒక తాళపుచెవి రైతులయొద్ద, మఱియొకటి అప్పిచ్చు సంఘమునొద్ద ఉండును. ధాన్యముమీద అప్పు పుట్టును గనుక, కోతకాలమున చవుకగా అమ్ముకొననక్కఱలేదు. ఐగుప్తులో యోసేపు సమృద్ధికాలమున ధాన్యము కూర్చి కఱవునుండి జనులను కాపాడిన వృత్తాంతము మన విద్యార్థులు ఎఱిగినదే. ఆ జ్ఞానమే నేడు ఈ చిన్న కొట్టులలో పనిచేయుచున్నది.

వారును మనమును పరాయివారము కాము. మనము తిను సజ్జలు వేలయేండ్ల క్రిందట సాహెల్ ప్రాంతమున సాగులోనికి వచ్చినవి. అలసందల పుట్టిల్లును ఆఫ్రికాయే. భారతదేశమున పుట్టిన మునగచెట్టు నేడు నైజరులో పెరటిచెట్టు. హౌసా భాషలో దానిని జోగలే అందురు. ఆ యాకును ఉడికించి వేరుసెనగచెక్క పొడి కలిపి తిందురు. వారి గింజ మన గాదెలోను, మన ఆకు వారి గిన్నెలోను ఉన్నవి.

తల్లిదండ్రులకు మా మనవి ఇది. ఆరు మాసములవఱకు బిడ్డకు తల్లిపాలు చాలును. అటుపిమ్మట పాలు మాన్పింపకయే జావతోకూడ పప్పు, ఆకుకూర, నూనె, వీలైనచో గ్రుడ్డు పెట్టవలెను. విద్యార్థులారా, మీ యింటనో, పొరుగింటనో క్రొత్తబిడ్డ పుట్టినపుడు అందఱును ఊయలయొద్దకు పోవుదురు. మీరు మాత్రము ఒక నిమిషము ఆగి, అంతకుముందు ఆ ఒడిలోనుండిన బిడ్డ ఎక్కడ కూర్చున్నదో, దాని గిన్నెలో ఏమున్నదో చూడుడు.