లింకు వేరు, సీడింగు వేరు

రైతు సోదరులారా! “మీ ఖాతాకు ఆధార్ సీడ్ కాలేదు” అని బ్యాంకులో చెప్పినప్పుడు పలువురు తికమకపడుచున్నారు. లింకు చేయించితిమి గదా అని మీ ప్రశ్న.

‘సీడ్ చేయు’ అనగా విత్తుట. కంప్యూటరు పరిభాషలో, తరువాతి పనికి ఆధారముగా ఒక వివరమును పట్టికలో ముందే నాటి ఉంచుట.

మీ ఆధార్ సంఖ్యను బ్యాంకు తన రికార్డులో ఖాతాతో జతపరచుట లింకు. ఆ ఆధార్‌కు చెందిన బ్యాంకు ఏదో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారి పట్టికలో నమోదు చేయించుట సీడింగు. అందులో ఖాతా సంఖ్య ఉండదు, బ్యాంకు గుర్తు మాత్రమే ఉండును. 2019లో ప్రారంభమైన పి.ఎం. కిసాన్ పథకపు విడత 2,000 రూపాయలు ఆ పట్టికను అనుసరించియే జమ అగును.

ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు. వేరొక బ్యాంకులో సీడింగుకు అంగీకారపత్రము ఇచ్చినచో పాత నమోదు తొలగి, సొమ్ము కొత్త ఖాతాకు చేరును. పాత పాసుపుస్తకము చూచి సొమ్ము రాలేదని దిగులుపడుట ఇందువలననే.

డీలరు మిత్రులారా! విడత రాగానే ఎరువుల బాకీ తీర్చెదనన్న రైతుకు ఈ సంగతి తెలుపుడు.

సంతకము చేయుటకు ముందు ఆ పత్రము లింకుకా, సీడింగుకా అని తప్పక అడుగుడు.