మైకు మింగిన మిల్లీసెకను

"ఉష్ణం తనంతట తాను చల్లని వస్తువు నుంచి వేడి వస్తువుకు..." అన్నచోట టిక్. మళ్లీ మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు సాఫీగా నడిచి, సరిగ్గా "ఎంట్రోపీ" దగ్గర ఇంకో టిక్. ఇంటర్ పిల్లల కోసం పడగ్గది తలుపులు బిగించుకుని, ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతుంటే యూఎస్‌బీ మైకులో రికార్డు చేసిన పాఠం అది. విసుగొచ్చి అలాగే పంపేశాను.

మర్నాడు క్లాసులో ఒకమ్మాయి లేచింది. "సార్, పెన్‌డ్రైవ్‌లో మూడు గంటల సినిమా ఎక్కించినా ఒక్క ముక్క పోదు. అదీ యూఎస్‌బీయే కదా, మరి మీ గొంతెందుకు తెగుతోంది?"

"కంప్యూటర్ పాతదమ్మా" అని తప్పించుకున్నాను. అబద్ధం కాదు గానీ, అది జవాబూ కాదు. వారం రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

యూఎస్‌బీకి సరుకు చేరవేసే పద్ధతులు నాలుగున్నాయి. మనకు కావలసినవి రెండే. సినిమా వెళ్లేది రిజిస్టర్డ్ పోస్టులో. అవతలివాడు అందిందని సంతకం పెట్టాలి. పొట్లం చిరిగి ఉంటే మళ్లీ పంపాలి. కాస్త ఆలస్యమైతే కొంప మునిగిపోదు. గొంతు వెళ్లేది పాలు పోసేవాడి పద్ధతిలో. పొద్దున్నే వేళకు రావడమే వాడి ధర్మం. నిన్న ఒలికిపోయిన పాలు ఇవాళ తెచ్చి పోస్తానంటే ఎవరికి కావాలి? ఈ పద్ధతి పేరు ఐసోక్రోనస్. తీగ మీద కొంత జాగా ముందే రిజర్వు చేసి పెడతారు. పొట్లం దెబ్బతింటే కంప్యూటర్‌కు ఆ సంగతి తెలుస్తుంది, ఎందుకంటే ప్రతి పొట్లం వెనకా సరిచూసుకునే లెక్క ఒకటి ఉంటుంది. తెలిసినా మళ్లీ అడగదు. పోయింది పోయినట్టే. అంటే ఆ టిక్కుకు తావిచ్చింది యూఎస్‌బీని గీసినవాళ్లే, అదీ తెలిసే.

ఇంకో తమాషా. మైకు తనంతట తాను నోరు విప్పలేదు. మిల్లీసెకనుకోసారి కంప్యూటర్ "ఏమైనా ఉందా?" అని అడగాలి, అది ఇవ్వాలి. సెకనుకు 48,000 నమూనాలు తీసే మైకైతే అడిగినప్పుడల్లా 48 నమూనాలు అప్పజెబుతుంది. లెక్క శుభ్రంగా కుదిరింది. మరి సీడీల నాటి 44,100 పెడితే? మిల్లీసెకనుకు 44.1 నమూనాలు రావాలి. పదోవంతు నమూనా ఎక్కడి నుంచి తెస్తుంది? తొమ్మిది సార్లు 44 చొప్పున ఇచ్చి, పదోసారి 45 ఇస్తుంది. కిరాణా కొట్టువాడు చిల్లర పైసలు ఖాతాలో ఉంచి, రూపాయి కాగానే చేతిలో పెట్టినట్టు! ఈ ఒక్క ఏర్పాటు కోసమే నాకు యూఎస్‌బీ అంటే ముచ్చట.

అలాగని తీగ ఇరుకని అనుకోకండి. 16 బిట్ల మోనో గొంతుకు సెకనుకు 7,68,000 బిట్లు చాలు. పాత యూఎస్‌బీ వేగమే సెకనుకు కోటీ ఇరవై లక్షల బిట్లు. కావలసింది వెడల్పు కాదు, వేళ తప్పకపోవడం.

ఇక టిక్కును పట్టుకోవాలి. మాటల మధ్య అది దొరకదు కాబట్టి ఫోన్లో 1000 హెర్ట్జ్ మోత పెట్టి, మైకు ముందుంచి పది నిమిషాలు రికార్డు చేశాను. ఒక్క టిక్కూ లేదు! మైకు బాగుపడిందని సంబరపడి పాఠం మొదలుపెడితే రెండో నిమిషంలోనే టిక్. బుర్ర గోక్కున్నాక వెలిగింది. 1000 హెర్ట్జ్ అంటే మిల్లీసెకనుకు సరిగ్గా ఒక పూర్తి తరంగం. ఒక పొట్లం మాయమైతే ఒక తరంగం మొత్తం మాయమవుతుంది. వెనకది వచ్చి ముందుదానికి అతుకు కనపడకుండా అతుక్కుంటుంది. దొంగ నా కొలబద్దంత పొడుగే ఉన్నాడన్నమాట. (అన్ని కంప్యూటర్లూ ఇలా అతికించవు, కొన్ని ఆ ఖాళీని సున్నాలతో నింపుతాయి.) ఈసారి 440 హెర్ట్జ్ పెట్టాను. మిల్లీసెకను పోతే ఇందులో పోయేది 0.44 తరంగం, దాదాపు సగం. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీతను పెద్దది చేసి చూస్తే, నున్నగా ఎక్కుతున్న గుట్ట కొడవలితో కోసినట్టు తెగి, పక్కన లోయ మొదలైంది. లెక్కబెడితే సరిగ్గా 48 నమూనాలు మాయం. ఒక్క పొట్లం.

పొట్లాల చొప్పున పోతుంటే దారిలో తేడా ఉన్నట్టు. నేను మైకును, మౌసును, హార్డ్‌డిస్కును కలిపి చవక హబ్బు ఒకదానికి తగిలించాను, దానికి విడిగా కరెంటు లేదు. మైకును తీసి సీపీయూ వెనక సాకెట్‌లో నేరుగా గుచ్చగానే ఆ టిక్కులు ఆగిపోయాయి.

అయినా ఎప్పుడో ఒకటి మిగిలింది. ఇది పెద్ద తొర్ర, 128 నమూనాల చొప్పున. ఇది కంప్యూటర్ లోపలి నేరం. వచ్చిన గొంతు బఫర్ అనే తొట్టిలో చేరుతుంది, ప్రాసెసర్ వచ్చి తోడుకెళ్తుంది. 128 నమూనాల తొట్టి 2.7 మిల్లీసెకన్లలో నిండుతుంది. ఈలోగా వైఫై డ్రైవరో యాంటీవైరసో ప్రాసెసర్‌ను పట్టుకుని వదలకపోతే నీళ్లు పొర్లిపోతాయి. తొట్టిని 512కు పెంచాను, 10.7 మిల్లీసెకన్ల వెసులుబాటు వచ్చింది. పాటగాళ్లు తమ గొంతు ఇయర్‌ఫోన్లో కంప్యూటర్ గుండా వింటూ పాడాలంటే ఆ ఆలస్యం ఇబ్బంది. నాలాంటి పాఠాలవాడికి 1024 ఉన్నా బాధలేదు.

సన్నని ఈల వినిపిస్తోందా? దాని మూలమూ చాలాసార్లు మిల్లీసెకనులోనే ఉంటుంది. సెకనుకు వెయ్యిసార్లు జరిగే ఆ పలకరింపుతో కరెంటు వాడకం ఊగుతుంది, అది మైకు లోపలి సున్నితమైన భాగంలోకి దూరి 1000 హెర్ట్జ్ కూతవుతుంది. మన మాట వెనక వినిపించేది యూఎస్‌బీ గుండె చప్పుడే.

ఇంతా చేసి, గొంతును మొదట పట్టే పనిలో యూఎస్‌బీ ఊసే లేదు. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ పలచని ప్లాస్టిక్ పొరలో విద్యుదావేశాన్ని నిలిచేలా బంధించి ఎలెక్ట్రెట్ మైకు చేశారు. అంతకుముందు మైనంతో చేసినవాటిలో ఆవేశం నిలిచేది కాదు. ఆ తర్వాత కథ పరుగు: 1996లో యూఎస్‌బీ వచ్చింది. ఇంటెల్‌లో ఆ పని నడిపినవాళ్లలో ముఖ్యుడు బరోడాలో చదివిన అజయ్ భట్. ఆపిల్ వెనకుండి నడిపిన ఫైర్‌వైర్ దానికి పోటీ. అందులో పరికరాలు కంప్యూటర్ అడిగేదాకా ఆగక్కర్లేదు, ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. నా మటుకు పెద్దరికం దానిదే, గెలుపు మాత్రం చవకదానిది.

ఆ అమ్మాయికి తెగిన గుట్ట బొమ్మ ప్రింటు తీసి ఇచ్చాను. మీ ఇంట్లోనూ మైకు టిక్కుమంటుంటే, కొత్తది కొనేముందు 440 హెర్ట్జ్ మోత పెట్టి పది నిమిషాలు రికార్డు చేసి చూడండి. 1000 మాత్రం పెట్టకండి.