‘డెడ్‌లైన్’ అను మాట పుట్టుక

ఈ సంచికకు వ్యాసములు పంపవలసినదని సంపాదకవర్గమువారు పాఠశాల ప్రకటనఫలకముపై నంటించిన కాగితమున ‘డెడ్‌లైన్’ అను మాట పెద్దయక్షరములతో నుండెను. దానిని చదివిన చిన్నతరగతి విద్యార్థి యొకఁడు మా యొద్దకు వచ్చి, “అయ్యా! ఆ తేదీ దాఁటినచో చచ్చునది వ్యాసమా, వ్రాసినవాఁడా?” అని యడిగెను. చుట్టునున్న పెద్దపిల్లలు నవ్విరి. మేమును నవ్వితిమి. కాని యది నవ్వి విడువఁదగిన ప్రశ్న కాదని తరువాత మాకుఁ దోఁచినది. ఏలయన, ఆ మాట ప్రసిద్ధికెక్కిన చోట గీత దాఁటినవాఁడు నిజముగానే చచ్చెడివాఁడు.

మన తెలుఁగున నీ యర్థమునకు ‘గడువు’ అను చక్కని మాట కలదు. అది ‘గడచు’ అను క్రియకు చుట్టము. అందు కాలము గడచుటయే గాని చావు ప్రసక్తి లేదు. అప్పు తీర్చుటకు గడువు, శిస్తు కట్టుటకు గడువు, పరీక్షరుసుము చెల్లించుటకు గడువు అందుము. గడువు పెట్టవచ్చును, అడుగవచ్చును, బతిమాలి పొడిగించుకొనవచ్చును. ఆంగ్లేయపు మాట యంత మెత్తనిది కాదు. ‘డెడ్’ అనఁగా చచ్చిన, ‘లైన్’ అనఁగా గీత. కాని చచ్చిన గీత యనిన నర్థము కుదురదు. దాఁటినవానిని చంపెడి గీత యని చెప్పవలెను. తొలుత దానికిని కాలమునకును సంబంధము లేదు. అది నేలమీఁది గీత.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1861 మొదలు 1865 వఱకు అంతర్యుద్ధము జరిగెను. బానిసత్వమును నిలుపుకొనఁగోరిన దక్షిణరాష్ట్రములు విడిపోయి వేఱు ప్రభుత్వము నేర్పఱుచుకొనఁగా, ఉత్తరమువారు వారితోఁ బోరాడిరి. మొదట నుభయపక్షములవారును పట్టుబడిన సైనికులను మార్చుకొనుచుండిరి. నల్లజాతి సైనికులను తక్కినవారితో సమముగా నెంచి విడుచుటకు దక్షిణమువా రొప్పుకొనకపోవుటచే 1863లో ఆ మార్పిడి చెడెను. ఖైదీలు వేలకొలఁది పోగుపడిరి. వారి నుంచుటకై జార్జియా రాష్ట్రమున ఆండర్సన్‌విల్ అను పల్లెచెంత 1864 ఫిబ్రవరిలో నొక దొడ్డి తెఱవఁబడెను. దొడ్డి యని మేము తెలిసియే వ్రాయుచున్నాము. అందు గదులు లేవు, కప్పు లేదు. దుంగలను నిలువునఁ బాతిన సుమారు 15 అడుగుల గోడ, దాని లోపల బయలు, అంతే. పదివేలమందికని తలపెట్టిన ఆ స్థలమును జూన్‌లో 26 ఎకరములకు పెంచిరి. ఆగస్టునాఁటికి 32,000 మందికిఁ బైగా నందుండిరి. ఎకరమునకు వేయిమందికి మించి!

ఆ గోడకు లోపలివైపున, సుమారు 19 అడుగుల యెడముగా, చుట్టును చిన్నచిన్న గుంజలు పాతి వానిపై సన్నని బద్దలు కొట్టిరి. అదియే డెడ్‌లైన్. గోడపై నక్కడక్కడ కావలివాండ్రకు మంచెలుండెను. ఖైదీలు వానిని పావురపుగూళ్లని పిలిచిరి. గుంజల వరుసను దాఁటినవానిని, దానిపైఁ జేయి వేసినవానినిగూడ, హెచ్చరింపకయే కాల్చివేయుటకు మంచెమీఁది కావలివానికి సెలవుండెను. గోడక్రింద సొరంగము త్రవ్వకుండుటకును, గోడ నెక్కకుండుటకును ఈ యేర్పాటని యధికారులు చెప్పిరి. ఇట్టి గీత లుత్తరపక్షపు చెఱసాలలు కొన్నింటను ఉండెనని న్యాయముకొఱకు చెప్పవలసియున్నది.

మన పిల్లలకు లక్ష్మణుఁడు గీచిన గీత జ్ఞప్తికి రావచ్చును. అది లోపలనున్నవారిని బయటివారినుండి కాపాడుటకు గీచినది. ఇది లోపలివారిపైనే గుఱిపెట్టినది. పైఁగా బద్దలు విఱిగి, గుంజలు పడిపోయి, ఆ వరుస కొన్నిచోట్ల కంటికిఁ గనఁబడకపోయెను. కనఁబడని గీతను దాఁటితివని మనుష్యుని గాల్చుట యెట్టిదో చదువరులే యూహింపఁగలరు.

నీటి విషయ మంతకంటె ఘోరము. పడమటనుండి తూర్పునకు దొడ్డినడుమ నొక చిన్న వాఁగు పాఱుచుండెను. త్రాగుటకు, కడుగుకొనుటకు, మలవిసర్జనమునకు అందఱికిని అదియే గతి. వాఁగు లోనికి ప్రవేశించుచోట మాత్రము నీరు కొంత తేటగా నుండెను. కాని యచ్చటనే గీత యడ్డము. దాహముతో చెంబు పట్టుకొని బద్దక్రిందుగాఁ జేయి చాఁచి ప్రాణములు గోలుపోయినవారిని గూర్చి తోడిఖైదీలు వ్రాసియున్నారు. ఆగస్టు నెలలో గొప్పవానలు కురిసి, గోడకును గీతకును నడుమనున్న నిషిద్ధభూమియందే యొక మంచినీటి ఊట పైకుబికెనఁట! కొందఱు పొడవైన కఱ్ఱలకు గిన్నెలు గట్టి యా నీరు చేఁదుకొనిరని చెప్పుదురు. ఖైదీలు దానికి దైవసంరక్షణపు ఊట యని పేరిడిరి. ఆ పేరు నేఁటికిని నిలిచియున్నది.

పదునాలుగు నెలలలో నచ్చటకుఁ దేఁబడిన సుమారు 45,000 మందిలో దాదాపు 13,000 మంది మరణించిరి. తుపాకికంటె రక్తవిరేచనములు, కూరగాయలు లేమివలనఁ గలిగెడి స్కర్వీ వ్యాధి, ఆఁకలియు నెక్కువమందిని బలిగొనెను. యుద్ధ మంతమైన పిదప నా దొడ్డి యధికారి హెన్రీ విర్జు అనువానిని వాషింగ్టనులో సైనికన్యాయస్థానమునెదుట నిలిపిరి. నేరారోపణపత్రమునందు ఈ ‘డెడ్‌లైన్’ ప్రసక్తి స్పష్టముగాఁ గలదు. 1865 నవంబరు 10వ తేదీన వాని నురిదీసిరి. విచారణవార్తలు పత్రికలలో విరివిగాఁ బడుటచే, అంతవఱకు ఖైదీలకును కావలివాండ్రకును మాత్రమే తెలిసిన మాట దేశమంతటికిఁ దెలిసెను.

ఇఁక నా మాట నేలనుండి గడియారముపై కెట్లెక్కెనో చూతము. మొదట దాఁటరాని యే హద్దునకైనను జనులు దానిని వాడసాగిరి. తరువాత ముద్రణాలయములలో నచ్చుయంత్రపు బల్లపై నొక గీతకు ఆ పేరు వచ్చెను. ఆ గీత కావల నుంచిన యక్షరములు సరిగా నచ్చుపడవు. పిమ్మట 20వ శతాబ్ది మొదటి రెండు దశాబ్దములలో నమెరికా పత్రికాకార్యాలయములవారు, వార్త చేరవలసిన తుదివేళకే యీ మాట నుపయోగించిరి. అచ్చు మొదలిడినపిదప వచ్చిన వార్త యెంత గొప్పదైనను వ్యర్థమే కదా! పత్రికాజీవనమును గూర్చిన ‘డెడ్‌లైన్ ఎట్ ఇలెవెన్’ అను చలనచిత్రము 1920లోనే వెలువడెను. కొందఱు అచ్చుబల్లపైని గీతయే యిప్పటి యర్థమునకుఁ దల్లి యందురు. కొందఱు చెఱసాలగీతనుండియే నేరుగా వచ్చెనందురు. మాకు రెండవ పక్షమే బలముగాఁ దోఁచుచున్నది. విర్జు విచారణను వారములకొలఁది ప్రకటించిన పత్రికలవారే పిమ్మట దానిని తమ పనిగదులలో వాడుకొనుట వింత గాదు. అమెరికా సైన్యమునందు మాత్రము, మరమ్మతునకై వాడుక మానిపించి నిలిపివేసిన బండికి ‘డెడ్‌లైన్’ అయినదని చెప్పుట వేఱొక వాడుక.

ఆండర్సన్‌విల్ స్థలమును 1970లో జాతీయచారిత్రకస్థలముగా నేర్పఱిచిరి. దుంగలగోడ యున్నచోటును, దానికి లోపల డెడ్‌లైన్ ఉన్నచోటును తెలుపుటకు పచ్చికబయలున తెల్లని గుంజలు పాతియున్నారు. ఎవరైనను వానిని దాఁటి యటునిటు నడువవచ్చును.