కరోనా బీరు: పేరు ఒకటి, హక్కుదారులు ఇద్దరు

మెక్సికోలో తయారయ్యే కరోనా బీరును అమెరికాలో ఒక కంపెనీ, ఇతర దేశాల్లో మరొక కంపెనీ అమ్ముతున్నాయి. ఈ పంపకం అమెరికా ప్రభుత్వం పట్టుబట్టడం వల్ల ఏర్పడింది.

బడ్‌వైజర్ యజమాని ఎ.బి. ఇన్‌బెవ్‌కు మెక్సికోలోని గ్రూపో మోడెలోలో అప్పటికే సుమారు సగం వాటా ఉన్నది. మిగతా వాటాను 2,010 కోట్ల డాలర్లకు కొనడానికి 2012 జూన్‌లో బేరం కుదిరింది. అమెరికాలో దిగుమతి వ్యాపారాన్ని కాన్‌స్టలేషన్ కంపెనీకి వదులుతామన్నారు. అయితే అందులో రెండు మెలికలున్నవి. సరుకు మాత్రం ఇన్‌బెవ్ వద్దనే కొనాలి. 10 ఏళ్లకొకసారి ఆ హక్కును ఇన్‌బెవ్ తిరిగి కొనుక్కోవచ్చు.

పోటీదారు దయమీద బ్రతికే పంపిణీదారు ధరలో పోటీ పడలేడని 2013 జనవరిలో అమెరికా న్యాయశాఖ దావా వేసింది. రాజీ షరతుల ప్రకారం అదే ఏడాది జూన్‌లో దిగుమతి సంస్థలోని మిగతా సగం వాటా, పియేద్రాస్ నేగ్రాస్ బ్రూవరీ, అమెరికాలో శాశ్వత బ్రాండు హక్కు సుమారు 475 కోట్ల డాలర్లకు కాన్‌స్టలేషన్ పరమయ్యాయి.

తగాదా అంతటితో తీరలేదు. కరోనా పేరుతో కాన్‌స్టలేషన్ హార్డ్ సెల్ట్‌జర్ అమ్మగా, అది బీరు కాదని 2021లో మోడెలో కోర్టుకెక్కింది. ఒప్పందంలోని నిర్వచనం చూసి 2023లో జ్యూరీ కాన్‌స్టలేషన్ పక్షాన తీర్పిచ్చింది; 2024లో అప్పీలు కోర్టు దానినే ఖాయపరచింది.

2023లోనే అమెరికా చిల్లర అమ్మకాల్లో కాన్‌స్టలేషన్ చేతిలోని మోడెలో ఎస్పెషల్ బీరు, ఇన్‌బెవ్ వారి బడ్ లైట్‌ను దాటి మొదటి స్థానానికి వచ్చింది. ఏజన్సీ తీసుకునే వర్తకుడు ధర, గడువులతో పాటు సరుకు ఎవరి ఫ్యాక్టరీ నుంచి వస్తుందో, ఒప్పందంలో దాని నిర్వచనమేమిటో కూడా చూసుకోవడం మేలు.