ఉద్యోగం - ఉద్యోగకల్పన

'ఉద్యోగం' అంటే నేడు జీతానికి చేసే కొలువు. ప్రాచీన వాఙ్మయంలో ఆ పదానికి ప్రయత్నం, పూనిక అని అర్థం. మహాభారతంలోని ఉద్యోగపర్వం యుద్ధసన్నాహానికి సంబంధించినదే గాని కొలువును గురించినది కాదు. చదువు ముగియగానే కొలువు కొరకు ఎదురుచూసే విద్యార్థికి, పదిమందికి కొలువు కల్పించే పూనికను నేర్పవచ్చునా? సాహసం, చొరవ పుట్టుకతోనే రావాలనీ, వ్యాపారం కొన్ని కులాలవారికే అబ్బుతుందనీ ఒక నమ్మకం చిరకాలంగా ఉంది.

ఈ నమ్మకాన్ని పరీక్షించిన ప్రయోగం తెలుగునాటనే జరిగింది. 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ ఆధ్వర్యంలో కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులో శిక్షణ మొదలైంది. కర్రకు వలయాలు విసిరే ఒక ఆట ఆయన పరిశోధనల్లో ప్రసిద్ధం. ఎంత దూరాన నిలబడాలో ఆడేవారి ఇష్టం. మరీ దగ్గర నిలిస్తే గెలుపులో గొప్ప లేదు. మరీ దూరాన నిలిస్తే అంతా అదృష్టమే. సాధించాలనే తపన గలవారు శ్రమిస్తే అందే దూరాన్ని ఎంచుకొంటారు. శిక్షణ పొందిన వ్యాపారులు, పొందనివారికంటె ఎక్కువగా కొత్త ప్రయత్నాలకు పూనుకొన్నారని తరువాతి పరిశీలనలో తేలింది. చొరవ నేర్చుకోదగిన గుణమని ఈ ప్రయోగం సూచించింది.

నేడు విశ్వవిద్యాలయాల్లో ఇచ్చే శిక్షణకు మూలసూత్రం ఇదే. ప్రజల అవసరాన్ని గుర్తించడం, చిన్న నమూనాతో దానిని పరీక్షించడం, జమాఖర్చులు చూసుకోవడం, పదిమందితో కలిసి పనిచేయడం అందులోని ముఖ్యాంశాలు. హైదరాబాదు గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో 2015లో టీ-హబ్ ఆరంభమైంది. విద్యార్థుల అంకుర సంస్థలను ప్రోత్సహించేందుకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2016లో ఒక విధానాన్ని ప్రకటించింది.

ఈ సూత్రాలు ఆచరణలో ఎట్లా పనిచేస్తాయో రెడ్‌బస్ చరిత్ర తెలుపుతుంది. 2005 దీపావళికి బెంగుళూరు నుండి ఇంటికి వెళ్ళడానికి ఫణీంద్ర సామాకు బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో తెలుసుకొనే మార్గమే ఆనాడు లేదు. ఆయన, బిట్స్ పిలానీలో తనతో చదివిన మిత్రులు కలిసి బస్సు యజమానుల కొరకు ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. యజమానులు దానిని స్వీకరించలేదు. మిత్రులు లక్ష్యాన్ని విడువక, పద్ధతిని మార్చారు. అనుభవజ్ఞులైన పారిశ్రామికవేత్తల సలహాలు పొంది, 2006లో టికెట్లను తామే అంతర్జాలంలో అమ్మసాగారు.

అయితే అందరి ప్రయత్నాలూ ఇట్లా ఫలించవు. అంకుర సంస్థల్లో అనేకం కొద్దికాలానికే మూతపడుతున్నాయి. ఇల్లు తాకట్టుపెట్టి అప్పు తెచ్చిన కుటుంబానికి ఆ ఓటమి కేవలం పాఠం కాదు, కష్టం కూడా. అందువల్ల స్వల్పవ్యయంతో ప్రయత్నించి, పొరపాటును త్వరగా గుర్తించి దిద్దుకోవడం నేర్పినప్పుడే శిక్షణ సార్థకమవుతుంది. ఆ వివేకం అలవడిన విద్యార్థి సంస్థను స్థాపించినా, కొలువులో చేరినా రాణిస్తాడు.