చీనీ తోటకు ఏటా వేసవి గండం

పుట్లూరు, యల్లనూరు, నార్పల మండలాల్లో మార్చి దాటిందంటే ఏ ఇద్దరు కలిసినా బోరు సంగతే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లా ఇది. ఇక్కడ వేరుశనగ పోతే మరుసటి ఏడు మళ్లీ విత్తుకోవచ్చు. చీనీ (బత్తాయి) అలా కాదు. నాటిన ఐదో ఏటికి గానీ సరైన కాపు రాదు. చెట్టు చచ్చిందంటే ఆ ఐదేళ్లూ పోయినట్టే.

నిజానికి చెట్టును ఎండగట్టడం చీనీ రైతుకు కొత్త కాదు. పూత కోసం తానే కొన్ని వారాలు నీళ్లు ఆపి తోటను బెట్టకు వదులుతాడు. ఆకు వాడి రాలడం మొదలవగానే ఎరువు వేసి తడి ఇస్తే చెట్టు ఒక్కసారిగా పూస్తుంది. ఆ బెట్టకు గడువుంది. బోరు ఎండితే వచ్చే బెట్టకు గడువు లేదు, పైగా కాయ చెట్టు మీదున్నప్పుడే వస్తుంది.

అప్పుడు చెట్టు పొదుపు మొదలుపెడుతుంది. ఆకులు ముడుచుకుంటాయి, వాటి రంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆదా అవుతుంది గానీ ఆహారం తయారీ తగ్గిపోతుంది. అదీ చాలకపోతే పగటిపూట ఆకులు కాయల్లోని నీటిని లాక్కుంటాయి. రాత్రికి వేర్లు ఆ లోటు పూడ్చలేకపోతే కాయ మెత్తబడి రాలుతుంది. కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వస్తాయి. అదాటున పడే పెద్దవానతోనూ తంటానే. అప్పటిదాకా ఎండిన కాయలు నీరు తాగి పగులుతాయి, అదను కాని పూత వస్తుంది.

రైతులు డ్రిప్ వేసుకున్నారు, పాదుల్లో వేరుశనగ పొట్టు పరుస్తున్నారు. చెట్టు దక్కితే చాలని కాయలు దులిపేసేవారున్నారు. కరువు ముదిరితే ట్యాంకర్ నీళ్లు కొని పాదుకింతని పోస్తారు, అప్పటికీ కాకపోతే తోటే నరికేస్తారు. కొత్తగా నాటేవారికి జంబేరి నిమ్మ మీద కట్టిన అంట్లకు బదులు, బెట్టను బాగా ఓర్చే రంగపూర్ నిమ్మ మీద అంటుకట్టిన మొక్కలు మేలు. అయినా ఏ వేరూ లేని నీటిని తోడలేదు.

2016 ఆగస్టులో ఎండుతున్న వేరుశనగకు ప్రభుత్వం రెయిన్‌గన్లతో రక్షక తడులిచ్చింది. చీనీకి అలాంటి తడి ఏప్రిల్, మే నెలల్లో కావాలి. అందుకు సాగునీటి కాలువల్లో నీరు పారే రోజుల్లోనే ఈ ఊళ్ల చెరువులు నింపాలి. చెరువు నిండితే దాని కిందున్న బోర్లు వేసవిలోనూ ఎంతో కొంత పోస్తాయి. రైతు అడిగేది నిండు కాపుకు సరిపడా నీళ్లు కాదు, వానలు పడేదాకా చెట్టు ప్రాణం నిలిపే నాలుగు తడులు.